మూత పాట

అమ్మ పోయిన రోజు మా ఇంట్లో రెండు పోయాయి. ఒకటి అమ్మ. రెండోది నాన్న పగటి నిద్ర.

నాన్న గట్టయ్య గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుడు. నైట్ షిఫ్టు వారంలో పొద్దున ఇంటికి వచ్చి, స్నానం చేసి, తిని పడుకోవాలి. అమ్మ ఉన్నన్నాళ్ళు పడుకునేవాడు. ఇప్పుడు మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తూ ఉంటాడు.

మార్చిలో ఒక రోజు, నాన్నతో పాటు డ్యూటీ చేసే ఖదీర్ కాక నన్ను బజారులో ఆపాడు.

"సంపత్ బేటా, మీ నాన్న రాత్రి డ్యూటీల నిలబడే కునుకు తీసిండు. నేను భుజం పట్టి లేపిన. ప్రతిసారి నేను పక్కన ఉంటనా?"

"దవాఖానల చూపిస్త కాక."

"గోలీలకు వచ్చే నిద్ర గనిలోపట గూడ వస్తది. అదే నా ఫికర్."

ఆ రోజు బడిలో పిల్లలకు ఏం పాఠం చెప్పానో గుర్తు లేదు.

ఎండాకాలం సెలవులు మొదలైన వారంలో ఒక అమ్మాయి మా క్వార్టర్ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో గొడుగు, మొహం నిండా చెమట.

"సార్, నా పేరు సహస్ర. మాది జైపూర్. మా అక్కవాళ్ళు మీ వరుసలనే ఉంటరు. కమ్యూనిటీ హాల్ల చిన్నపిల్లలకు పాటలు నేర్పుదామనుకుంటున్న. అక్కడి బీరువా తాళంచెవి మీ దగ్గరున్నదట."

ఆ బీరువాలో అమ్మ హార్మోనియం ఉంది. హాలు మా ఇంటి వెనకే. బడి వయసు రాని పిల్లలను చాపల మీద కూర్చోబెట్టి అమ్మ రోజూ పొద్దున పాడించేది. కాలనీలో ఆమె పేరు పూలమ్మ అని చాలామందికి తెలియదు. పాటల అవ్వ అనే అనేవాళ్ళు.

"ఉన్నది. ఇయ్యలేను."

"ఎందుకు?"

"అది మా అమ్మది."

"తెలుసు సార్. వాయించకుంటే లోపలి తోలు ఎండిపోతది. ఎలుకలు గూడ మీ అమ్మగారిదని చూసి వదిలిపెట్టవు."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. అంతలో ఆమె గొడుగును కొంచెం ఇటు జరిపి, నా మొహం మీద ఎండ పడకుండా పట్టుకుంది. అలా నిలబడిన మనిషి మీద కోపం నిలుపుకోవడం కష్టం. తాళంచెవి తెచ్చి ఇచ్చాను.

మరునాడు మా వెనక వరండాలోకి హార్మోనియం వినిపించింది. సహస్ర 'స' పట్టింది. పిల్లలు పెదాలు బిగించి "మ్‌మ్‌మ్" అన్నారు.

"నోరు తెరువుండ్రి."

నాలుగేళ్ళ నౌమాన్ జవాబు చెప్పాడు. "పాటల అవ్వ నోరు మూసుకొనే పాడమన్నది టీచర్."

"నోరు మూసుకొని పాడుడేంది? సిగ్గుపడుతున్నరా? పులి లెక్క తెరువుండ్రి!"

తెరిచారు. పులులే నయం.

కాసేపటికి వెనక వరుస క్వార్టర్‌లో ఉండే నర్సింగం లుంగీ సర్దుకుంటూ, ఎర్రటి కళ్ళతో హాలు ముందుకు వచ్చాడు.

"ఏందమ్మా గీ లొల్లి? రాత్రంత బొగ్గుల పనిచేసి వచ్చినం. పండుకోవాల్నా వద్దా? రేపు గూడ గిట్లనే ఉంటే హాలుకు తాళం ఏపిస్త!"

పిల్లలను పంపించి ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది.

"నోరు మూసుకొని ఎందుకు పాడుతరో మీకు తెలుసు. చెప్పలే."

"మీరు అడగలే."

"తాళంచెవితోని పాటు అది గూడ ఇయ్యాల్సింది సార్!"

ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. నేను మాటలు కూడగట్టుకుని చెప్పాను. ప్రతి వారం కాలనీలో కొన్ని ఇళ్ళకు నైట్ షిఫ్టు ఉంటుంది. సోమవారం పొద్దున అమ్మ ముందుగా పిల్లలను అడిగేది, ఈ వారం ఎవరి నాన్నకు నైటు అని. ఒక్క చెయ్యి లేచినా ఆ వారమంతా మూత పాటే. నోరు మూసుకుని గొంతులోనే రాగం తీయాలి.

"చెయ్యి లేవని సోమవారం నాకు గుర్తు లేదు" అన్నాను.

"అంటే వీళ్ళు ఇయ్యాలనే మొదటిసారి నోరు తెరిచిండ్రా?"

"అవును."

"అందుకే గంత సంబురం!" అని ఆమె నవ్వింది. అమ్మ పోయాక మా ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది.

మరునాడు హార్మోనియం సన్నగా మొదలైంది. దాని మీద పిల్లల మూత పాట. నేను మంచినీళ్ళకని లోపలికి వెళ్ళేసరికి, నైట్ డ్యూటీ నుంచి వచ్చిన నాన్న మంచం మీద కూర్చుని లేడు. పక్కకు ఒరిగి, మోచెయ్యి కళ్ళ మీద వేసుకున్నాడు. గురక వినిపించింది.

ఇన్నేళ్ళూ ఆయన ఆ పాటకే నిద్రపోయేవాడని నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు తెలుసో లేదో.

చెప్పులు లేకుండా హాలుకు పరుగెత్తాను. సహస్ర హార్మోనియం మూయబోతోంది.

"ఆపకుండ్రి."

"ఏమైంది సార్?"

"మా నాన్న పండుకున్నడు."

ఆమె పిల్లల వైపు తిరిగి, "ఇంకో పాట. అయిపోయినంక సార్ అందరికీ ఐస్‌ఫ్రూట్లు కొనిస్తడు" అంది.

"ముక్కు దురద పెడుతున్నది టీచర్" అన్నాడు నౌమాన్.

"పాడుకుంటనే గోక్కో."

నాన్న మధ్యాహ్నం దాటాక లేచి, అన్నం రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

"ఎవరురా ఆ పిల్ల?"

"జైపూర్."

"ఊరు గాదు, పేరడిగిన."

"సహస్ర."

"మీ అమ్మ కన్న శ్రుతి జర ఎక్కువ పెట్టింది. ఐనా మంచిగనే ఉన్నది."

వారం చివర ఖదీర్ కాక మా ఇంటికి చాయ్‌కి వచ్చాడు. "ఇప్పుడు గట్టన్ననే నన్ను లేపుతుండు బేటా!" అన్నాడు.

అప్పటి నుంచి రోజూ హాలు గుమ్మం దాకా వెళ్ళేవాణ్ణి. ఆమె "పండుకున్నడా?" అనేది. నేను "పండుకున్నడు" అనేవాణ్ణి. చాలా రోజులు మా మాటలు అంతే. నాన్నకు పగటి షిఫ్టు వచ్చిన వారం కూడా ఆమె అలాగే అడిగింది.

"లేదు, డ్యూటీకి పోయిండు."

"మరి మీరెందుకు వచ్చిండ్రు?"

వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

జూన్ మొదట్లో నాన్నకు మళ్ళీ నైట్ పడింది. శనివారం రాత్రి డ్యూటీ చేసి ఆదివారం పొద్దున వచ్చాడు. ఆదివారం పాటలు ఉండవు. నేను భయంతో గుమ్మంలో నిలబడ్డాను. నాన్న మంచం మీద వాలాడు, అటు తిరిగాడు, పడుకున్నాడు. బయట ఏ పాటా లేదు. గుండెల మీది బరువు దిగింది. ఆ వెంటనే ఇంకో దిగులు ఎక్కింది. రేపు ఏ పని మీద హాలుకు వెళ్ళను?

సోమవారం తొలి వాన. హాలు రేకుల మీద చినుకుల మోత. "ఇయ్యాల ఎవ్వరికీ వినపడదు, నోరు తెరువుండ్రి!" అంది సహస్ర. పిల్లలు వానతో పోటీ పడ్డారు. నేను తడుస్తూ వెళ్ళాను.

"పండుకున్నడా?" అని అరిచింది.

"నిన్న పాట లేకున్నా పండుకున్నడు!"

ఆమె మొహం వెలిగి, మెల్లగా తగ్గింది. "మంచిదే గద. ఇంక మీరు ఈడ నిలబడే పని లేదు."

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. ఆ రోజు తప్పలేదు.

"నాన్నకు అవసరం లేదు! నాకున్నది!"

"ఏం అవసరం?"

"మీరు!"

సరిగ్గా అప్పుడే పిల్లల పాట అయిపోయింది. హాల్లో నా గొంతు ఒక్కటే మిగిలింది.

"టీచర్, సార్ మీతోని ఎందుకు కొట్లాడుతుండు?" అన్నాడు నౌమాన్.

"కొట్లాడుతలేడురా. నోరు తెరుసుడు ఇప్పుడే నేర్చుకుంటుండు" అని, తలెత్తి నా వైపు చూసింది. "నాకు ఇష్టమే సార్. మా నాన్నను గూడ అడగాలె గద."

సాయంత్రం నాన్నకు చెప్పాను. ఆయన "జల్ది పోయి అడుగురా. బడి తెరిస్తే నీకు తీరిక ఉండదు" అన్నాడు.

బడి తెరిచారు. మొన్నటి ఆదివారం తోడు రావాల్సిన నాన్నకు డ్యూటీ పడింది, ఈ ఆదివారం వాన. జైపూర్ వెళ్ళి సహస్ర వాళ్ళ నాన్నను అడగడం ఇంకా కాలేదు.