ఆల్విన్ అరచేతి బొమ్మలు

"ఏమండీ చిత్రకారుడుగారూ, మ్యూనిక్ నుంచి ఇంత దూరం వచ్చింది బురద గియ్యడానికా?"

పడవ కట్టడానికి వచ్చిన థెక్లా నడుంమీద చేతులు పెట్టుకుని అడిగింది. సరస్సు ఒడ్డున ఆమె రేవుకు అడ్డంగా కూర్చున్నాడు ఆల్విన్. ఒళ్లో రంగుల పెట్టె, దాని మూతకు గుచ్చిన అరచేతి వెడల్పు కాగితం.

"బురద కాదు. దానిమీద వెలుతురు," అన్నాడు తల ఎత్తకుండా.

"ఓహో! ఆ వెలుతురులో మీ కోటు నానుతోంది, చూసుకున్నారా?"

ఎగిరి లేచాడు. పెట్టె తలకిందులై, పచ్చరంగంతా ఆమె గౌనుకు అంటింది. ఆ వేసవి అలా తిట్లతో మొదలైంది.

రోజూ అతణ్ణి ఆమే సరస్సు దాటించేది. మబ్బుల్ని, మోకుల్ని, తెడ్డు వేసే ఆమెను పావుగంటలో నూనెరంగుల్లో గీసేసి, "ఇవి బొమ్మలు కావు, ఉత్త సాధన. అసలు బొమ్మ మ్యూనిక్‌లో కూర్చుని వేస్తాను," అనేవాడు గొప్పగా. వాన పడితే కాగితానికే గొడుగు పట్టేవాడు, ఆమెకు కాదు. అయినా అతడు వెళ్లిపోయిన రోజు థెక్లా పరధ్యానంలో రెండుసార్లు పడవను వేరే రేవుకు తోలింది.

ఆకురాలే కాలంలో ఆల్విన్ నుంచి ఉత్తరం వచ్చింది. "ప్రదర్శనలో నీ బొమ్మ పెట్టాను. తప్పక రా." బీరుబట్టీ యజమాని సంబంధం ఖాయం చేద్దామని తండ్రి తొందరపెడుతున్నాడు. "ఒక్కరోజు ఆగు నాన్నా," అని ఆమె మ్యూనిక్ రైలెక్కింది.

ప్రదర్శన హాల్లో గోడంత బొమ్మ. సరస్సు ఉంది. ఒడ్డున ఎన్నడూ లేని పాడుబడ్డ కోట, ఎన్నడూ రాని జింక. మధ్యలో, పడవలో పాలబుగ్గల పిల్ల ఒకతె ఆకాశం కేసి చేతులు జోడించింది. "ఎంత సహజంగా ఉందో!" అని పట్టుగౌన్ల దొరసానులు కళ్లు ఒత్తుకుంటున్నారు.

థెక్లా పకపకా నవ్వింది. హాలంతా ఇటు తిరిగింది.

"ఎందుకా నవ్వు?" ఆల్విన్ మొహం కందగడ్డయింది.

"ఈ చేతులతో పడవేం కదులుతుందండీ? జింకే దిగి లాగాలి!"

"అందరికీ నచ్చింది!"

"నచ్చుతుంది. నేను నాలా ఉంటే మీకు సిగ్గేసిందని నాకు మాత్రం అర్థమైంది."

నవ్వు ఆగిపోయింది. ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

స్టేషన్లో బల్లమీద కూర్చుని ఉండగా ఆల్విన్ రొప్పుతూ వచ్చాడు. టోపీ లేదు. కాగితాల కట్ట ఆమె ఒళ్లో పెట్టాడు. మూలల్లో గుండుసూది బెజ్జాలు. తడిసిన మోకు. చీలిన మబ్బు. తర్వాత అన్నీ తనే: చెమటపట్టిన మెడ, తెడ్డు పట్టిన కాయలు కాసిన వేళ్లు, తిట్టబోతూ తెరిచిన నోరు.

థెక్లా ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఎవరికీ చూపించలేదు. వీటినీ బొమ్మలంటావా అని నవ్వుతారని భయం. కానీ ఇవి గీసేప్పుడు అబద్ధం కల్పించే తీరిక ఉండేది కాదు. థెక్లా, నువ్వంటే నాకు ప్రాణం."

"ఈ మాట జింకతో చెప్పించలేదు, సంతోషం." ఆమె ఒక కాగితం తీసుకుంది. "ఇవి గీసినవాడిగా అయితే ఆదివారం మా ఇంటికి రా. ఆ పెద్ద బొమ్మ వేసినాయన్ని వెంట తేకు."

ఇంట్లో తండ్రి ఆ కాగితాన్ని కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు.

"తెడ్డు పట్టే తీరు అచ్చం మీ అమ్మదే," అన్నాడు చివరికి. "ఇంతలా చూసినవాడు నిన్ను బాగానే చూసుకుంటాడులే. బీరాయనకి వద్దని నేను చెప్పొస్తా."