మీ ఈడు ఆడవాళ్ళ సంగతి

సుబ్బరామయ్య పూజ ముగించుకుని, తెనాలిలోని తన ఇంటి వరండాలో కాఫీ గ్లాసుతో కూర్చునేసరికి లోపల కూతురు మైథిలి తల్లిని ప్రశ్నలు అడుగుతోంది. మైథిలి బాపట్లలో మనస్తత్వశాస్త్రం ఎమ్మే చదువుతోంది. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళ మనసులో ఏముందో కనుక్కుని రమ్మని కాలేజీలో ప్రశ్నల కాగితాలిచ్చి పంపారు.

“అమ్మా, ఇంటిపనితో నీకు విసుగనిపిస్తుందా?”

“శుక్రవారం పూట విసుగేంటే! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. లేదని రాసుకో,” అంది సీతాలక్ష్మి వంకాయలు తరుగుతూ.

“ఇంట్లో నీ మాటకి విలువుందా?”

“ఉందని రాసుకో.”

సుబ్బరామయ్యకు మీసం లేదు గానీ, ఉంటే మెలేసేవాడే. శ్రీరామ నవరాత్రులకు ప్రవచనం చెప్పడానికి వచ్చే పండితులకు తొమ్మిది రోజులూ భోజనాలు తన ఇంట్లోనేనని నిన్ననే గుడి కమిటీ పెద్ద రంగనాయకులు గారికి మాటిచ్చాడు. ఆ సంగతి చెబితే సీతాలక్ష్మి “అలాగేనండి” అంది. ఇంతకంటే అన్యోన్యమైన కాపురం ఎక్కడుంటుంది?

“అందరూ ఇలాగే చెప్తున్నారమ్మా. అందుకే మా మేడం ప్రశ్న మార్చమన్నారు. నీ సంగతి వదిలెయ్. నీ ఈడు ఆడవాళ్ళకి విసుగెందుకొస్తుందంటావు?”

కత్తిపీట చప్పుడు ఆగింది.

“ఎందుకు రాదే? మన సంగతి కాదు కాబట్టి చెప్తున్నా. ఒకావిడ ఉందనుకో. మొగుడు మంచివాడే. కాకపోతే గుడినుంచి వస్తూ వస్తూ ‘పదిమంది భోజనానికొస్తున్నారు, వండగలవుగా?’ అంటాడు. వండలేనంటే దేవుడి పనికి అడ్డుపడ్డట్టేగా? ఇంకేమంటుంది, పిచ్చి మొహం!”

“ఎవరా మనిషి? కాస్తయినా ఆలోచన ఉండక్కర్లేదా?” వరండాలోంచి నొచ్చుకున్నాడు సుబ్బరామయ్య.

“అదేగా నేననేది! పులుసులో ఉప్పు తగ్గితే తిట్టడు. ‘గోవిందా’ అంటాడు. దానికంటే తిట్టినా బాగుండును!”

“గోవిందా!” అన్నాడు సుబ్బరామయ్య అలవాటుగా. అన్నాక కాఫీ గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

మైథిలి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన విసురుగా లోపలికొచ్చాడు.

“నిన్నడక్కుండా ఈ ఇంట్లో ఒక్క పనైనా చేశానా?”

“అడిగారు. ‘దేవుడి పని, నీకేం కష్టం కాదుగా?’ అని అడిగారు. కష్టమేనని ఏ నోటితో అనను? రేపల్లెలో చెల్లికి కంటి ఆపరేషనైంది. ఒంటరిది. నాలుగు రోజులు పక్కనుండవే అక్కా అని ఫోను మీద ఫోను చేస్తోంది. ఆ మాటెత్తితే ‘ఇప్పుడెలా వెళ్తావు?’ అన్నారు. అదీ అడగడమే!”

సుబ్బరామయ్య కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

“అయితే పండితుల్ని వద్దనమంటావా?”

“నాన్నా, ప్రశ్నలోనే జవాబు కూడా మీరే చెప్పేస్తున్నారు,” అంది మైథిలి.

“సరే. నీకు వండాలని లేదు, అంతేగా?”

“మళ్ళీ, నాన్నా!”

ఆయన ఉత్తరీయంతో నుదురు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా దేవుణ్ణయినా ‘చల్లగా చూస్తావు కదా స్వామీ’ అనే అడిగాడు తప్ప, ఆయన ఉద్దేశమేమిటని ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

“సీతా,” అన్నాడు చివరికి, “ఈ నవరాత్రుల్లో నీకు ఎక్కడుండాలనుంది?”

సీతాలక్ష్మి తెల్లబోయింది. “ఏమోనండీ. నన్నెవరూ ఇలా అడగలేదు. ఆలోచించుకోవాలి.”

అంతలో ఫోను మోగింది. “సుబ్బరామయ్యగారూ, భోజనాలు ఖాయమే కదండీ?” రంగనాయకులు గారు.

మామూలుగా అయితే ఆ ప్రశ్నకు అవునని తప్ప మరో మాట వచ్చేది కాదు. తనను కూడా అందరూ ఇలాగే అడుగుతూ వచ్చారని సుబ్బరామయ్యకు మొదటిసారి తట్టింది.

“ఇంకా తెలీదండి. మా ఆవిడ ఆలోచిస్తోంది.”

రంగనాయకులు గారు కంగారుపడ్డారు. “ఏంటండీ, ఒంట్లో బాగానే ఉందా?”

ఆయన ఫోను పెట్టేసేసరికి సీతాలక్ష్మి కళ్ళనిండా నీళ్ళు, పెదవులమీద నవ్వు.

“ఆలోచించానండీ. చెల్లి దగ్గరికి వెళ్తాను. కల్యాణం నాటికి వచ్చేస్తా.”

మరి పండితుల భోజనాలో? నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నను సుబ్బరామయ్య మింగేశాడు. దాని సంగతి కమిటీ వాళ్ళతో కలిసి తను చూసుకుంటాడు.

“ఏ రైలుకి వెళ్తావు?” అన్నాడు.

“సాయంత్రం బండికి. మీరు స్టేషన్ దాకా వచ్చి సంచీ అందిస్తారుగా?”

మైథిలి నోరు తెరవబోయింది. సుబ్బరామయ్య చెయ్యెత్తి వారించి, సంచీ కోసం గదిలోకి నడిచాడు.