నలభై ఒకటో ట్రాక్

"మీరు తీసిన కాపీ పనిచేయట్లేదండీ," అన్నాడతను, ఆర్కైవ్ గది గుమ్మంలోనే నిలబడి.

ఆమె తల ఎత్తలేదు. పాత ఫ్లాపీ డిస్కులను కాపీ తీసి భద్రపరచడమే మూడేళ్లుగా ఆమె ఉద్యోగం. ఆఫీసులో అందరూ ఆమెను 'ఫ్లాపీ' అనే పిలుస్తారు.

"నాకు ఒక్క ఎర్రర్ కూడా రాలేదే. మీరేం చేస్తుంటారు?"

"లిఫ్టులు బాగుచేస్తాను."

"అయితే లిఫ్టుల సంగతి మీరు చూసుకోండి."

"చదవాల్సింది అసలు చదవకపోతే ఎర్రర్ ఎలా వస్తుందండీ?"

అప్పుడు తల ఎత్తింది. నుదుటిమీద గ్రీజు మరకతో, తగ్గే రకం కాదని చెప్తున్న కళ్లతో నిలబడి ఉన్నాడు.

చెప్పుకొచ్చాడు. అతని మేనత్త వయసులో ఉండగా పిల్లలకు లెక్కలు నేర్పే ఆట ఒకటి రాసింది. ఆవిడ కంపెనీ మేనేజరు దాన్ని తన పేరుతో అమ్ముకున్నాడు. ఆవిడ నోరెత్తలేదు. దొంగ కాపీలు ఆపే తాళమని చెప్పి, నలభై ట్రాకులు, అంటే నలభై చుట్లు ఉండే డిస్కులో నలభై ఒకటోది కూడా రాసింది. అందులో తన పేరు పెట్టింది. ఆ ట్రాక్ లేకపోతే ఆట మొదలే కాదు.

"మీరు తీసిన సెక్టార్ ఇమేజ్ కాపీ నలభయ్యో ట్రాక్ దగ్గర ఆగిపోతుంది," అన్నాడు. "పాత కంప్యూటర్‌లా పనిచేసే ఎమ్యులేటర్‌లో పెడితే, అసలు డిస్క్ పెట్టమంటోంది."

ఆమె డిస్కును చదివే డ్రైవ్ హెడ్‌ను ఒక ట్రాక్ ముందుకు జరిపింది. తెరమీద సిగ్నల్ కదిలింది. అక్కడ నిజంగానే ఏదో రాసి ఉంది.

"తప్పు నాదే. దీనికి ఫ్లక్స్ ఇమేజ్ తియ్యాలి. డిస్కుమీదున్న అయస్కాంత సిగ్నల్‌నంతా ఉన్నదున్నట్టు తీసుకుంటుంది."

అంతలో ఆఫీసరు వచ్చాడు. "ఆ ఫార్మాట్ మన లిస్టులో లేదు. ఫైలు ఏనుగంత ఉంటుంది. కాపీ తీసేసిన ఈ డిస్కులు నాలుగింటికల్లా ముక్కలైపోవాలి. సంతకం పెట్టమ్మా."

"పెట్టను సార్."

"ఉద్యోగంమీద ఆశ లేదా?"

"ఉంది సార్. అందుకే చేస్తున్నాను."

ఆమె సంతకం లేనిదే డిస్కుల డబ్బా కదలదు. ఆఫీసరు కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాడు.

బయట వాన మొదలైంది. మొదటిసారి సిగ్నల్ సరిగా రాలేదు. అతను దూదిని స్పిరిట్‌లో ముంచి, పసిపిల్ల చెవి తుడిచినంత మెల్లగా డ్రైవ్ హెడ్ తుడిచాడు.

"లిఫ్టులకీ ఇంత మర్యాద చేస్తారా?"

"తిట్టని లిఫ్టులకే."

ఆమె నవ్వు దాచుకోబోయింది. కుదరలేదు.

ఫైలు పూర్తయ్యేసరికి, అతను ఫోన్ చేసి పిలిచిన మేనత్త తడిసిన గొడుగుతో వచ్చింది. ఎమ్యులేటర్‌లో ఆట తెరుచుకుంది. అంకెలకంటే ముందు, 'ఈ ఆట రాసింది' అన్న మాట కింద ఆవిడ పేరు వచ్చింది.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని చూసింది. "అక్షరాలు ఇంకాస్త పెద్దవి పెట్టాల్సింది," అంది.

ఆఫీసరు చాలాసేపు తెరవంక చూశాడు. నాశనం చేయాల్సిన లిస్టులోంచి ఆ డబ్బాను తీసేసి, మర్నాడు సంతకం పెట్టనందుకు ఆమెకు మాత్రం మెమో ఇచ్చాడు. ఆర్కైవ్ కేటలాగులో మేనేజరు పేరు తీసి మేనత్త పేరు పెట్టేదాకా తన జవాబు ఇదేనని, ఆమె ఫ్లక్స్ ఇమేజ్‌ను జతచేసి పంపింది. నెల తిరక్కుండా పేరు మారింది.

అతను మాత్రం ప్రతి శనివారం ఓ డిస్కు పట్టుకుని వస్తూనే ఉన్నాడు.

"ఇంకా ఎన్నున్నాయి మీ అత్తయ్యగారి దగ్గర?"

"పోయిన వారంతోనే అయిపోయాయి."

"మరి ఇదేంటి?"

"ఖాళీది. మిమ్మల్ని చూడటానికి వేరే వంక దొరకలేదు."

వెనకే వచ్చిన మేనత్త అందుకుంది. "వీడు ఇంటి దగ్గర ఈ మాటలే పదిసార్లు చెప్పుకున్నాడమ్మా. నీకు ఇష్టమైతేనే పెళ్లికి ఊఁ అను. మొహమాటపడకు."

ఆమె ఖాళీ డిస్కును తన సొరుగులో పెట్టుకుంది. "ఇష్టమే. కానీ లిఫ్టు మెకానిక్ అంటే మా నాన్న ఇంతెత్తున లేస్తాడు."

అతని ముఖం వాడిపోయింది. "మరెలా?"

"లేవనివ్వండి. అలసిపోయి కూర్చున్నాక చెప్తాను, చేసుకుంటే మిమ్మల్నే చేసుకుంటానని." మెషిన్ ఆపి, బ్యాగు భుజాన వేసుకుంది. "ఇవాళ ఇంట్లోనే ఉన్నాడు. వస్తారా, భయమా?"

అతను ఆమెకంటే ముందే గుమ్మం దాటాడు.