సర్వర్ ఒప్పుకున్న తేదీ

నంద్యాలలో ఒక విత్తనాల కొట్టు పైన ఉన్న గదికి బోర్డు లేదు. కింద కొట్టువాళ్లు దాన్ని గోడౌన్ అనుకుంటారు. గోడౌన్‌కి ఏసీ ఎందుకని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. దేశభద్రత చాలాచోట్ల ఇలా అడగకపోవడం మీదే నడుస్తోంది.

ఆ గదిలో సెక్షన్ చీఫ్ విజయమ్మ బల్ల మీద ఒక టిఫిన్ క్యారియర్ పెట్టింది. ఎదురుగా ఏజెంట్ అన్సార్. కోడ్ నేమ్, శనగ.

“జామర్. పై మూత తిప్పితే ఆన్ అవుతాది. దాని పక్కన ఉన్న దేనికీ సిగ్నల్ అందదు.”

“ఇంకోటి ఉందా మేడం?”

“బడ్జెట్‌లో ఒకటే వచ్చింది.”

తర్వాత బ్రీఫింగ్. శత్రువు పేరు ఆనందరావు. గుళ్లకు విగ్రహాలు దానం చేసే పెద్దమనిషిగా వేషం, జీతం మాత్రం పరాయి దేశానిది. ఆళ్లగడ్డ శిల్పశాలలో తయారైన ఒక విగ్రహం పీఠంలో అతని మనుషులు బాంబు పెట్టారు. ప్రతిష్ఠ నాడు గుడి జనంతో నిండాక, ఎక్కడో కూర్చుని ఫోన్‌లో మీట నొక్కుతాడు. ఏ విగ్రహమో, ఏ ఊరి గుడో తెలియదు. కార్తీకమాసం కావడంతో శిల్పశాల నుంచి ఈరోజు లారీలు వరసగా బయల్దేరుతున్నాయి.

“అన్నీ ఆపేస్తే?” అన్నాడు అన్సార్.

“అనుమానం వస్తే వాడు రోడ్డు మీదనే నొక్కుతాడప్పా. ఏదో తెలియాల. జామర్ పెట్టినాకనే లారీ మీద చెయ్యి వేయాల.”

“తెలిసేదెట్లా?”

“పొద్దుతిరుగుడు చెప్తాది.”

పొద్దుతిరుగుడు అంటే సుప్రజ. సంజామల పిల్ల. ఆనందరావుకు సెక్రటరీ. నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు, నవ్వితే ఎదుటివాడు అడగాల్సింది మరిచిపోయేంత అందం. రెండు వైపులా జీతం తీసుకునేది, పని మాత్రం ఇటువైపే చేసేది.

ముఠా రహస్యాలు నడిచే దారి కూడా చిత్రమైనదే. శిల్పశాల వెబ్‌సైట్‌లో ఆర్డర్ ఫారం ఉంది, అందులో ‘ప్రతిష్ఠ తేదీ’ అని ఒక గడి. ఫోన్‌లో దాన్ని నొక్కితే క్యాలెండర్ తెరుచుకుంటుంది, తప్పు తేదీ ఎంచుకోనివ్వదు. కానీ ఆ కాపలా అంతా నొక్కేవాడి ఫోన్‌లోనే. దాన్ని తప్పించుకుని నేరుగా సర్వర్‌కు పంపితే, 99/43/7216 అన్నా అదీ ఒక తేదీయే అనుకుని రాసిపెట్టుకునేది. వాకిట్లో గూర్ఖా, లోపల తలుపే లేదు. ముఠా తన సంకేతాలన్నీ ఆ గడిలో పెట్టేది, విజయమ్మ సెక్షన్ వాటిని చాటుగా చదివేది. ఈరోజు సుప్రజ అదే గడిలో విగ్రహం నంబరు పంపాలి.

“ఆమెను బయటికి తెచ్చేదెప్పుడు?”

“లారీ ఆగినాక,” అంది విజయమ్మ. కళ్లు మాత్రం టిఫిన్ క్యారియర్ మీదే ఉన్నాయి.

పంచె, కుంకుమబొట్టు, చొక్కా గుండీలో మైకు, చెవిలో గింజంత స్పీకరు. గుడి కమిటీ మెంబర్ ప్రదీప్‌గా అన్సార్ ఆళ్లగడ్డలో దిగాడు. అతను పుట్టింది అక్కడే. నాయన ఖాజా పీర్ బతికినన్నాళ్లూ ఈ విగ్రహాలనే లారీల్లోకి ఎక్కించాడు. సొంతూళ్లో మారువేషం కష్టం. బస్టాండ్ దాటకముందే ఒకాయన “ఏందిరా అన్సారూ, బొట్టేంది?” అన్నాడు. షార్ట్ ఫిలిం అని చెప్పి తప్పించుకున్నాడు.

శిల్పశాలలో రాతిదుమ్ము. యజమాని లక్ష్మీనారాయణాచారి క్రేన్ దగ్గర నిలబడి అరుస్తున్నాడు. ఆఫీసు గదిలో ల్యాప్‌టాప్ ముందు ఒక కుర్రాడు ఉత్సాహంగా కూర్చున్నాడు. పేరు కిరణ్, వెబ్‌సైట్ బాగుచేయడానికి కొత్తగా వచ్చాడు.

“తిక్క తిక్క తేదీలు వస్తాండాయని ఆచారి మొత్తుకున్నాడన్నా,” అన్నాడు కిరణ్. “ముందు చేసినోళ్లు చెకింగ్ అంతా బ్రౌజర్‌లోనే పెట్టినారు, సర్వర్‌లో ఏం లేదు. ఈ పొద్దున్నే పెట్టేసినా. ఇప్పుడు తేదీ కాకుంటే సర్వరే వాపసు కొడతాది.”

అన్సార్ ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. “పెట్టినాక ఎవరన్నా పంపినారా?”

“ఎవరో పంపినారు. మళ్లీ మళ్లీ పంపినారు. అన్నిసార్లూ కొట్టేసింది,” అని కిరణ్ నవ్వాడు.

“ఏం పంపినారప్పా?”

“అది దాచిపెట్టలేదన్నా. చెత్తను ఎవరన్నా దాచుకుంటారా?”

తప్పు పట్టడానికి లేదు. కుర్రాడు చేసింది సరైన పనే. మంచి పని చేసేవాడు సరిగ్గా చేయకూడని రోజే చేస్తాడు, అంతే. సుప్రజ ప్రాణాలకు తెగించి పంపిన నంబరుకు జవాబుగా ‘దయచేసి సరైన తేదీ ఇవ్వండి’ అని చూసి ఉంటుంది, పంపినన్ని సార్లూ.

“ఆ చెకింగ్ తీసేయించు,” అంది చెవిలో విజయమ్మ.

“తీసినా ఆమెకు తెలిసేదెట్లా మేడం? దొరికిపోయినానని అనుకోనుంటాది.”

కిటికీలోంచి చూస్తే ఇంకో లారీ గేటు దాటుతోంది. ఏ లారీ వెనక పరుగెత్తాలో తెలియక, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో అలా నిలబడిపోయాడు.

వేరే దారిలేక ఆర్డర్ల జాబితా చూపించమన్నాడు. ఈరోజు పోయే విగ్రహాలన్నిటికీ కార్తీకంలోనే ప్రతిష్ఠ. అన్నిటికంటే అడుగున, ఒక్క ఆంజనేయుడికి మాత్రం డిసెంబరు తేదీ ఉంది.

“ఇదేంది?”

“కొత్తగా మారిందన్నా. ఆ వాపసులయినాక, కస్టమర్ లాగిన్ నుంచే మార్చినారు.”

“డిసెంబరులో ప్రతిష్ఠా? ఈ ఏడు కార్తీకం పోయినాక మూఢం కదప్పా. మాఘం దాటేదాకా ముహూర్తం యాడుంది? దీన్ని ఆపలేదా నీ సర్వరు?”

“ఎందుకాపుతాదన్నా? నెల ఉండాది, రోజుండాది, గడిచిపోయిన తేదీ కాదు. దానికి మూఢం ఏం తెలుసు?”

సర్వర్‌కు తెలియదు. ఆళ్లగడ్డలో విగ్రహం మోసినవాడి కొడుక్కు తెలుసు. సుప్రజకు తెలుసు, అందుకే అన్ని దారులూ మూసుకున్నాక చెల్లే తేదీతోనే చెల్లని మాట చెప్పింది. అయితే ఆనందరావు కూడా ఈ దేశంలో పుట్టినవాడే. ఆ తేదీ కంటబడితే అతనికీ తెలుస్తుంది. మార్చింది, అతని దానాల ఆర్డర్లు పెట్టే ఆమె సొంత లాగిన్‌తో.

“ఆచారీ, ఆ ఆంజనేయుడు యాడ?”

“పొయ్యె గదా. చాగలమర్రి దావన పోతాంది లారీ.”

కిరణ్ బైక్ తాళం అడగకుండానే లాక్కున్నాడు అన్సార్.

టోల్‌గేటు వరసలో లారీ దొరికింది. పక్క వరసలో పెళ్లివాళ్ల బస్సు, కిటికీల నిండా పిల్లలు. అన్సార్ పంచె ఎగ్గట్టి లారీ కిందికి దూరాడు, పీఠం కిందుగా క్యారియర్‌ను ఇరికించి మూత తిప్పాడు. పచ్చలైటు వెలిగింది. చెయ్యి ఇంకా మూత మీద ఉండగానే అది ఎర్రగా మారింది. అంటే బయటి నుంచి ఒక సిగ్నల్ వచ్చి, లోపలికి పోలేక అక్కడే చచ్చింది.

“మేడం, ఆగిపాయ.”

“శభాష్.”

“మేడం, వాడు నొక్కినాడు. ఇప్పుడే, రోడ్డు మీద ఉండంగనే.”

ప్రతిష్ఠ దాకా ఆగాల్సినవాడు ఇప్పుడే ఎందుకు నొక్కాడో ఇద్దరికీ అర్థమైంది. తేదీ చూశాడు. బస్సులో పిల్లలు లారీ కింద ఉన్న బొట్టుమనిషిని చూసి నవ్వుతున్నారు. అన్సార్ చాలాసేపు బయటికి రాలేదు.

ఆనందరావు ఇంటికి తాళం. కారు కొలిమిగుండ్ల దారిలో దొరికింది, ఖాళీగా. సుప్రజ దొరకలేదు, శవమూ దొరకలేదు. ఆ చుట్టుపక్కల రాతిగనులన్నీ వెతికారు. కొన్నాళ్లకు వెతకడం మానేశారు.

చలికాలం పోతుండగా విజయమ్మ అన్సార్‌ను కూర్చోబెట్టి కంప్యూటర్ అతని వైపు తిప్పింది. సుప్రజ ఫైలు మూస్తే తప్ప సంజామలలో ఆమె తల్లి శివమ్మకు కబురు చెప్పడానికి పైవాళ్లు అనుమతి ఇవ్వరు. మూయడానికి ఆన్‌లైన్ ఫారం. అందులో ‘మరణించిన తేదీ’ అనే గడి.

అన్సార్ ఖాళీగా వదిలి పంపాడు. వాపసు వచ్చింది. ‘తెలియదు’ అని కొట్టాడు. వాపసు వచ్చింది.

“గట్టి సర్వరే,” అన్నాడు.

“ఏదో ఒకటి వేయప్పా. ఆ తల్లి దినామూ ఫోన్ చేస్తాంది.”

పిల్లాడు ఎప్పుడు పుట్టాడో తెలియని తల్లిదండ్రులు బడికి తీసుకొస్తే, అయ్యవారు జులై ఒకటి అని వేసేస్తాడు. సీమలో సగంమంది పుట్టింది ఆరోజే. అన్సార్ కూడా. తెలియదు అనడానికి అతనికి తెలిసిన తేదీ అదొక్కటే. పోయిన ఏడాది జులై ఒకటి అని కొట్టాడు.

సర్వర్ తీసుకుంది. నెల ఉంది, రోజు ఉంది, గడిచిపోయిన తేదీయే. ఆ జులై ఒకటిన సుప్రజ నంద్యాల బస్టాండ్‌లో అన్సార్ పక్కన నిలబడి, ఇది టీనా, వేన్నీళ్లా అని టీకొట్టువాడితో తగవు పెట్టుకుందే అని మాత్రం అడగలేదు.