ఖాళీగా లేని మేకు

ఉదయం 7.20. ట్యునీషియాలో స్ఫాక్స్ ఊరి బయట ఆలివ్ గానుగ. కాయలు పోసే గోతిలో మోంజీ శవం బోర్లా పడి ఉంది. పుర్రె వెనకభాగం నుజ్జయింది. కాయల మీద నెత్తురు జిగటగా ఆరుతోంది. పక్కనే నీలిరంగు గడ్డపార.

ఇన్‌స్పెక్టర్ సల్వా ముందుగా టూల్స్ గదికి సీల్ వేయించింది.

నీలిరంగు సామాను గానుగ యజమాని తౌఫీక్‌ది. ఎర్రరంగుది తోటల యజమాని మోంజీది. ఎనిమిదేళ్ల కాంట్రాక్టు. కంపెనీలు వేరు, మనుషులు వేరు, పనిముట్లూ వేరు. ఉమ్మడిది నూనె ఒక్కటే. ఆ కాంట్రాక్టుకి ఈ రోజే ఆఖరు.

8.05కి తోటల కూలీలు కర్రలు, గొడ్డళ్లతో గేటు మీద పడ్డారు. అందరికంటే ముందు మోంజీ తమ్ముడు లుత్ఫీ. ఒక రాయి వచ్చి కానిస్టేబుల్ దవడ పగలగొట్టింది.

ఆఫీసు గదిలో సల్వా తౌఫీక్‌ని ప్రశ్నించింది.

"హత్య జరిగింది పొద్దున ఆరింటికి. అప్పుడు ఎక్కడున్నావ్?"

"బాయిలర్ దగ్గర. ఒక్కణ్ణే."

"చూసినవాళ్లు?"

"దేవుడు చూశాడమ్మా."

"ఆయన్ని కోర్టుకి పిలవలేం. మోంజీతో గొడవేంటి?"

"గొడవా? ఇంకో పదేళ్లు కలిసే చేద్దామని నిన్ననే అన్నాడు. ఈ రోజు సంతకాలు. లుత్ఫీకే కడుపుమంట. 'మన గానుగ మనమే పెట్టుకుందాం, వీడితో పొత్తేంటి' అని ఒకటే గోల."

గేటు గొలుసు పటపటలాడింది. పోలీసులు ఆరుగురు, బయట రెండొందల మంది. గేటు విరిగితే తౌఫీక్ ఎముక కూడా మిగలదు. సల్వాకి నిజంగానే భయమేసింది.

"టూల్స్ గది తగలబెట్టండ్రా! ముందు దాన్ని!" లుత్ఫీ అరుపు.

ఆమె ఉలిక్కిపడింది. పగ మనిషి మీదైతే, కసి గది మీదేమిటి?

తౌఫీక్‌ని లాక్కుని వెళ్లి సీల్ తెంచింది. గోడ నిండా మేకులు, వాటికి పనిముట్లు. అక్కడక్కడ పనిముట్టు లేదు, ఇత్తడి బిళ్ళ ఉంది.

"ఇవేంటి?"

"అవతలి కంపెనీవాళ్లు మా సామాను తీసుకుంటే వాళ్ల నంబరు బిళ్ళ ఇక్కడ తగిలించాలి. కాంట్రాక్టులోనే రాసుకున్నాం. మావాళ్లకి బిళ్ళలతో పనిలేదు."

"గడ్డపార మేకు ఏది?"

చూపించాడు. పొద్దున పోలీసులు ఖాళీ మేకు కోసమే వెతికారు. ఇది ఖాళీగా లేదు, ఒక బిళ్ళ వేలాడుతోంది.

8.30కి గేటు విరిగింది. సల్వా గాల్లోకి కాల్చింది. జనం ఆగారు.

"లుత్ఫీ, నీ బిళ్ళ నంబరెంత?"

"నాకేం గుర్తు!"

"మూడు కదా బాబూ," అన్నాడు వెనకనుంచి ఒక ముసలి కూలీ. "రోజూ నడుముకే ఉంటుందిగా."

లుత్ఫీ చెయ్యి నడుము తడుముకుంది. కొక్కెం ఖాళీ.

సల్వా మూడో నంబరు బిళ్ళ పైకెత్తింది. "తౌఫీక్‌ని ఇరికించాలని నీలి గడ్డపార తీశావు. కానీ ఎనిమిదేళ్ల అలవాటు. చెయ్యి తనంతట తనే బిళ్ళ తగిలించేసింది. వెనక్కి తీసుకుందామంటే సీల్ పడింది. అందుకే నిప్పు పెట్టమన్నావు."

లుత్ఫీ గొడ్డలి విసిరాడు. అది ఆమె చెవి పక్కనుంచి వెళ్లి తలుపులో దిగబడింది. మరుక్షణం కూలీలే వాణ్ణి కిందపడేసి కుమ్మారు. వాడి పళ్లు రాలాకగానీ పోలీసులు విడిపించలేకపోయారు.

శవాన్ని మోయడానికి పొడవాటి బల్ల కావాల్సి వచ్చింది. గానుగలో ఉన్నది నీలిరంగుదే. తౌఫీక్ తనే తెచ్చి ఇచ్చాడు.

ముసలి కూలీ కళ్లు తుడుచుకుంటూ టూల్స్ గదిలోకి వెళ్లాడు. తన బిళ్ళ తీసి బల్ల మేకుకి తగిలించాడు.

"ఇప్పుడెందుకు తాతా?" అంది సల్వా.

"సామాను వాళ్లది కదమ్మా. మా మోంజీ అయ్య పెట్టిన పద్ధతి."