పలకరింపు లేని రాత్రి

మా జెరూసలేంలో దక్షిణపు గోడ కింద, రాళ్ళతో మూసేసిన మూడు వాకిళ్ళున్నాయి. చీకటి పడ్డాక అటు వెళ్ళేవాళ్ళు తక్కువ. ఒక దివిటీ వస్తుందంటారు... ఆ గోడ పైన మా యూదుల గుడి ఉన్న రోజుల్లో రాత్రి కాపలావాళ్ళను తనిఖీ చేసిన అధికారిదట అది. అతను రాగానే లేచి "నీకు శాంతి" అనాలి. అనకపోతే నిద్రపోయినట్టే — కర్రతో ఒకటిచ్చి, ఒంటిమీది బట్టకు నిప్పంటించేవాడట.

గుడి పోయి రెండు వేల ఏళ్ళు కావస్తోంది. దివిటీ మాత్రం తిరుగుతూనే ఉందని మా వీధిలో అందరూ చెప్తారు. చూసినవాళ్ళే దొరకరు.

నాకు దొరికింది ఒక్క షబ్తాయ్. మా కింది వాటాలో ఉంటాడు. ఆ గోడ కింది తవ్వకాల దగ్గర రాత్రి కాపలా. అప్పటికే రెండుసార్లు కునుకు తీస్తూ పట్టుబడ్డాడు. మూడోసారి దొరికితే ఉద్యోగం ఊడుతుంది. పెన్షనుకు ఇంకా ఏడాదిన్నర ఉంది.

మా పంచాంగంలో ఆబ్ నెల తొమ్మిదో రాత్రి. గుడి కాలిన తిథి కనుక మాకు ఉపవాసం. తోలు చెప్పులు వేసుకోం. ఎవరినీ పలకరించం — ఎదురుపడినా తల దించుకుని పోవడమే.

"ఖాళీ కడుపుతో నిద్రెలాగూ పట్టదు. ఈ ఒక్క రాత్రీ నీ ఉద్యోగం భద్రమేలే," అని సాగనంపింది భార్య నాయిమా.

"దెయ్యం వస్తేనో?"

"రానీ. నిన్ను లేపడానికి ఒకరుంటారు."

ఒంటిగంట దాటింది. మెట్లమీద కూర్చున్న షబ్తాయ్ కళ్ళు మూతలు పడుతున్నాయి...

వెలుగు.

మూసిన వాకిలి వైపు నుంచి — ఎర్రగా, ఊగుతూ — వస్తోంది. అడుగుల చప్పుడు లేదు. ఆ రాత్రి అందరివీ గుడ్డ చెప్పులే కదా, పైఅధికారి ఎల్కానా తనిఖీకి వచ్చాడనుకున్నాడు షబ్తాయ్. గబుక్కున లేచాడు.

వెలుగు ఎదురుగా ఆగింది. ఆగి... ఎదురుచూసింది.

పలకరిస్తే తప్పు. ఊరుకుంటే నిద్రపోయాడని రాసేస్తాడు.

"మేలుకునే ఉన్నాను," అని గొణిగాడు.

"మరి శాంతి అనవేం?" గుసగుసగా వచ్చింది మాట.

"ఇవాళ అనకూడదుగా."

"ఎందుకని?"

షబ్తాయ్‌కి ఒళ్ళు మండింది. "వేళాకోళమా, ఎల్కానా? గుడి కాలిన రాత్రి పలకరింపులేంటి?"

ఊగుతున్న మంట కదలడం మానేసింది.

"ఏ గుడి?"

"ఏ గుడేంటి! ఇదే —" అంటూ గోడ పైకి చెయ్యి చూపించాడు. అప్పుడు కనబడ్డాయి ఆ మనిషి కాళ్ళు. ఏ చెప్పులూ లేవు. పాదాల దాకా నారబట్ట. చేతిలో కర్ర.

ఆ మనిషి తలెత్తి పైకి చూశాడు. చాలాసేపు... చూస్తూనే ఉన్నాడు.

"నాకెవరూ చెప్పలేదే," అన్నాడు.

దివిటీ ఆరిపోయింది.

ఎల్కానా ఆ రాత్రి ఇల్లు కదల్లేదని తెల్లారాక తేలింది. షబ్తాయ్ మీద ఫిర్యాదు లేదు, ఉద్యోగానికి ఢోకా లేదు. వారం తిరక్కుండా తనే మానేసి వచ్చాడు.

నాయిమా నెత్తీనోరూ బాదుకుంది. "ఏడాదిన్నర ఓపిక పట్టలేకపోయావా? ఏమయ్యా, వాడు మళ్ళీ వస్తాడని భయమా?"

"రాడు," అన్నాడు షబ్తాయ్. "ఇన్నేళ్ళూ అక్కడ గుడి ఉందనుకున్నవాడు అతనొక్కడే. ఆ ఒక్కడికీ నేను చెప్పేశాను."