పేర్లు కప్పిన ప్లేట్లు

"నీ పురుగులు మొండివేం కావు టామ్సిన్. నువ్వే మరీ గట్టిగా పొడుస్తున్నావ్!"

తోటి పరిశోధకుడు ఇడ్రిస్ అందరి ముందూ అలా అనేసరికి టామ్సిన్ చెవులు ఎర్రబడ్డాయి. కేంబ్రిడ్జిలోని ఆ పరిశోధనశాలలో ఆమె మూడేళ్లుగా కంటికి ఆనీ ఆనని గుండ్రటి పురుగుల్ని పెంచుతోంది. వాటిలో ఒక జన్యువు చెడితే, నాడీకణం పక్క కణానికి పంపే కబురు పలచబడుతుందని ఆమె నమ్మకం. అది నిజమైతే, ఆ కబుర్లు పోగుపడేలా చేసి మామూలు పురుగుల్ని బిగుసుకుపోనిచ్చే మందు మీద కూడా ఇవి చాలాసేపు కదలాలి. కదలకపోతే ఈ పని ఆపేయమని ప్రొఫెసర్ హిల్డా తేల్చి చెప్పేశారు.

"అయితే పురుగులున్న ప్లేట్ల మీద పేర్లు నువ్వే కప్పెయ్. ఏవి నావో, ఏవి మామూలువో తెలియకుండానే చూస్తా."

"ఓడిపోతే ఏడవకూడదు మరి."

"ఎవరేడుస్తారో చూద్దాంలే!"

ఇడ్రిస్ పేర్లు కప్పి, పైన రంగు చుక్కలు పెట్టి వెళ్లిపోయాడు. టామ్సిన్ అరగంటకోసారి సన్నని తీగతో పురుగుల్ని తాకి చూస్తోంది. మధ్యలో టీకి వెళ్తే, ఆమెను చూడగానే అతను కప్పుతో సహా వెనుదిరిగాడు. మెట్ల మీద ఎదురైతే గోడకేసి చూశాడు. బయట వాన. రోజూ అడగకుండానే ఆమె గొడుగు కిందకి దూరేవాడు, ఇవాళ తడుస్తూ పరుగెత్తాడు.

అంత కోపమా? టామ్సిన్‌కి అర్థం కాలేదు.

సాయంత్రం హిల్డా వచ్చి నిలబడ్డారు. టామ్సిన్ మెల్లగా చెప్పింది. "ఎర్రచుక్కవి ఆగిపోయాయి. నీలంచుక్కవి ఇంకా కదులుతున్నాయండీ."

"ఇడ్రిస్, నీలం ఎవరివి?"

"టామ్సిన్‌వే!" అతను దాదాపు అరిచాడు.

హిల్డా నవ్వారు. "పని ఆపక్కర్లేదు. రేపు మళ్లీ చేసి చూపించు."

ఆవిడ తలుపు దాకా వెళ్లారో లేదో, టామ్సిన్ అతని మీదికి విరుచుకుపడింది. "పొద్దుటి నుంచి నా ముఖమైనా చూళ్లేదు! నేనేం చేశాను?"

"చూస్తే దొరికిపోతాగా! నా ముఖంలో ఏదీ దాగదు. ఏ రంగు నీదో కనిపెట్టేసేదానివి." అతను కాస్త తడబడ్డాడు. "ఇంకొకటి కూడా కనిపెట్టేసేదానివి."

"ఏది, ఇప్పుడు చూడు."

అతను చూశాడు. ఆ ముఖంలో నిజంగానే ఏదీ దాగలేదు. టామ్సిన్ చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి, ఈసారి కోపంతో కాదు.

"రేపు నువ్వు పేర్లు కప్పొద్దు. నా పక్కన కూర్చో," అంది.

"మరి ఎవరు కప్పుతారు?"

"నేను కప్పుతాలే," తలుపు దగ్గర్నుంచి హిల్డా గొంతు వినిపించింది. "మీరిద్దరూ పురుగుల్ని కూడా కాస్త చూడండి!"